అప్‌డేట్: వానలో బండి జెర్కులు, కారణం దొరికింది (ప్లగ్ వైరు)

వాన పడితే నా పాత 150 సీసీ బండి జెర్కులు కొడుతోందని, కిక్ కొట్టినా స్టార్ట్ అవ్వట్లేదని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. చీకట్లో ఇంజిన్ ఆన్ చేసి ప్లగ్ వైరు (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు తీసుకెళ్లే వైరు) మీద నీళ్లు చిలకరించి చూడమన్న అన్నకి మరీ ముఖ్యంగా.

దాంతోనే దొరికింది. ట్యాంకు కింద ఫ్రేము అంచుకి రాసుకుని వైరు తొడుగు పగిలింది. తడి తగలగానే నీలి రవ్వలు టక్ టక్‌మంటూ ఫ్రేములోకి పోతున్నాయి. చూసేవాళ్లు చెయ్యి దూరంగా పెట్టండి, షాక్ గట్టిగా కొడుతుంది.

టేపు చుడితే సరిపోదా అన్నాను. మెకానిక్ ఒప్పుకోలేదు, వేల వోల్టులకి మామూలు టేపు ఆగదన్నాడు. నా బండికి వైరు కాయిల్‌లోనే (ప్లగ్‌కి ఆ వేల వోల్టులు ఇచ్చే భాగం) అతికి వస్తుంది కాబట్టి కాయిల్‌తో సహా మార్చాడు. వైరు చివర ప్లగ్ మీద కూర్చునే క్యాప్‌ని ఊరికే గుచ్చకుండా తిప్పి బిగించాలి, లోపలి స్క్రూ రాగి తీగ మధ్యలోకి దిగాలి. లాగి చూస్తే ఊడకూడదు. వైరుని ఫ్రేము అంచుకి, వేడెక్కే ఇంజిన్ హెడ్డుకి దూరంగా తిప్పి రబ్బరు క్లిప్పు వేశాడు. జిప్ టై వేసేవాళ్లు మరీ బిగించొద్దు, మళ్లీ అక్కడే కోసుకుపోతుంది.

కార్బురేటర్ క్లీనింగ్, పెట్రోల్‌లో నీళ్లు, కొత్త ప్లగ్... వీటికీ నా బండి సమస్యకీ సంబంధం లేదు. నిన్న జోరువానలోనూ ఒక్క జెర్క్ రాలేదు.