‘భాగవత మఁట’లో అరసున్న, ‘బలికిన’లో బకారం

పద్యప్రియ:
వ్యాసం రాస్తూ పోతన ‘పలికెడిది భాగవత మఁట’ పద్యం మూడో పాదం ఎత్తుగడ దగ్గర ఆగిపోయాను. ఏఐ సహాయకుణ్ణి అడిగితే ‘పలికెడిది భాగవతమంట’ అని మొదలుపెట్టి ‘పలుకగ నేల’ అని ముగించింది. మూడో పాదం ‘పలికిన భవహర’ అంటోంది. నా చెవిలో ‘బలికిన’ అని ఉంది. ఏది సరి?

గణయతి:
ముందు ‘మంట’ చూడండి. ఇది కందపద్యం, ప్రతి గణానికీ నాలుగు మాత్రలే. ‘వతమఁట’ నలం, అంటే నాలుగు లఘువులు. అక్కడ నిండుసున్న పెడితే మకారం గురువై ఐదు మాత్రలవుతాయి, కందం కుంటుతుంది. చివర ‘నేల’ కూడా చెల్లదు. నాలుగో పాదం గురువుతో ముగియాలి: నేలా.

పాతప్రతి:
ఈనాటి రాతల్లో అరసున్న కనబడదు, ‘అంట’ కనబడుతుంది. యంత్రం ఎక్కువగా చూసిన రూపానికే మొగ్గుతుంది. అందుకే పద్యాన్ని దాని జ్ఞాపకం నుంచి అడగకూడదు. అచ్చుప్రతి చూసి మీరే టైపు చేసి, ఒక్క అక్షరం కూడా మార్చవద్దని చెప్పి, వ్యాసం మాత్రం దిద్దమనండి. తప్పు పాఠం ఒకసారి సంభాషణలో పడితే పదేపదే తిరిగొస్తుంది. కొత్త సంభాషణ తెరవడం మేలు.

గణయతి:
గణవిభజనకూ దాన్ని నమ్మవద్దు. ‘పలికించెడివాడు’లో ‘కిం’ మనకు ఒక్క గురువు. యూనికోడ్‌లో అది క, గుడి, సున్న అని మూడు సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 9 బైట్లు. యంత్రం పాఠాన్ని తనకు అనువైన ముక్కలుగా చదువుతుంది, ఆ ముక్కలకు మన అక్షరాలతో పొత్తు లేదు. లఘుగురువులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవలసిందే.

పద్యప్రియ:
మరి ‘బలికిన’?

పాతప్రతి:
రెండో పాదం ‘నేఁ’ అని ముగుస్తుంది. ద్రుతం (పదం చివరి నకారం, ఇక్కడ అరసున్నగా మిగిలింది) మీద పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కనుక ‘నేఁ బలికిన’. పాదం మారినంత మాత్రాన సంధి ఆగదు. ‘గాథఁ బలుకఁగ’ కూడా అంతే.

గణయతి:
వ్యాకరణం సరే. మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన మైత్రి) లేదు, నాలుగో పాదంలో ప–బ యతి ఎలాగూ చెల్లుతుంది. ఛందస్సు మీ పక్షమూ కాదు, నా పక్షమూ కాదు. నాలుగు పాదాలూ పకారంతో ఎత్తుకోవడమే పోతన చెవి అని నా నమ్మకం.

పాతప్రతి:
అనుప్రాస కోసం సంధిని వదులుకునే కవి కాడాయన. ‘మందార మకరంద’ సీసం మళ్లీ చదవండి, శబ్దం ఎంత పొంగినా వ్యాకరణం ఎక్కడ జారింది?

పద్యప్రియ:
ఇంకో ఇబ్బంది. పద్యభావం రాయమంటే ‘పలుకు’ ఐదుసార్లు వచ్చిందని పునరుక్తి కింద తీసేసి ‘చెప్పడం’, ‘వర్ణించడం’ అని మార్చింది. ‘రాముడే పలికిస్తున్నాడు’ అని తేల్చి రాసింది.

గణయతి:
ఇది అరసున్న కంటే పెద్ద నష్టం. మూడు ‘అఁట’లూ పోయాయి! భాగవతమఁట, రామభద్రుండఁట, భవహరమగునఁట. పెద్దలు చెప్పగా విన్నాననే వినయం ఆ మూడింటిలోనే ఉంది. ‘అఁట’ను ‘అని అంటారు’గా నిలపమని, ‘పలుకు’ను మార్చవద్దని ముందే విడిగా చెప్పండి.

పాతప్రతి:
వినయమా? నాకది ధీమాలా వినిపిస్తుంది. పలికించేవాడు రాముడని తెలిశాక ‘వేఱొండు గాథఁ బలుకఁగ నేలా’ అనే మాటలో సందేహం ఏది?

గణయతి:
ధీమా ‘పలికెద’లో ఉంది, ‘అఁట’లో లేదు. బకారం సంగతి కూడా నేను ఒప్పుకోలేదు.