పాత ట్రక్కు బ్రేక్ పెడల్ మెల్లగా జారిపోతోంది, ఏం చేయాలి?

ఇంటి షెడ్డులో 1962 మోడల్ పికప్ ట్రక్కును బాగుచేసుకుంటున్నాను. అన్నీ డ్రమ్ బ్రేకులే. వీల్ సిలిండర్లు (చక్రాల దగ్గర బ్రేకును నెట్టేవి), హోసులు కొత్తవి వేసి, డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ పోసి లైన్లలోని గాలి తీశాను. రెండుసార్లు పంప్ చేస్తే పెడల్ గట్టిపడుతుంది. కానీ అలాగే నొక్కి ఉంచితే అర నిమిషంలో మెత్తగా నేల దాకా దిగిపోతుంది. కింద అట్టముక్కలు పరిచి రాత్రంతా ఉంచాను, ఒక్క చుక్క కూడా పడలేదు. రిజర్వాయర్‌లోనూ మట్టం తగ్గలేదు.

అనుమానం వచ్చి మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) విప్పాను. లోపలి గోడ మీద గోరుకు తగిలేంత తుప్పు గుంట ఉంది. సీలుగా ఉండే రబ్బరు కప్పును దాటి ఫ్లూయిడ్ అక్కడి నుంచే వెనక్కి వెళ్తోందేమో. హోన్ చేసి (లోపలి గోడను రాపిడితో నునుపు చేసి) కొత్త కప్పులు వేస్తే నిలుస్తుందా, స్లీవ్ (లోపల కొత్త లోహపు గొట్టం) వేయించాలా? ఒరిజినల్ భాగం పారేయడానికి మనసొప్పడం లేదు. కానీ ఇది సింగిల్ సర్క్యూట్, ఇది పోతే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. అదే టెన్షన్. ఈ పని చేసినవాళ్లు కాస్త చెప్పండి.