విస్టార్ ఎలుకలకు మేత 40 శాతం తగ్గించే ప్రయోగం: ఎథిక్స్ కమిటీకి పంపేముందు సలహాలు కావాలి

ఎచ్చెర్ల ఫార్మా:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకి ప్రోటోకాల్ రాస్తున్నాం. పెద్ద మగ విస్టార్ ఎలుకల్లో (ప్రయోగశాలల్లో పెంచే తెల్ల ఎలుక రకం) ఒక గుంపుకు తిన్నంత మేత, ఇంకో గుంపుకు అందులో 60 శాతం. కేజ్‌కి మూడేసి, అడుగున వరి ఊక, పొద్దున 10 గంటలకు మేత. గడువు 8 నెలలు. ఆయుష్షు గురించి ఏమైనా తేల్చగలమా?

మేత తూకం:
తేల్చలేరు మాస్టారూ. విస్టార్ ఎలుక రెండేళ్లు, ఆ పైన కూడా బతుకుతుంది. శీర్షికలో ఆయుష్షు అన్న మాట తీసేసి గ్లూకోజ్ టాలరెన్స్ (గ్లూకోజ్ ఇచ్చాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా దిగుతుందో), బరువు, శరీర ఉష్ణోగ్రత అని పెట్టండి.

కేజ్‌కి మూడు అసలు వద్దు. బలమైనది మిగతా రెండింటి వాటా కూడా తినేస్తుంది, అప్పుడు మీ 60 శాతం కాగితం మీదే ఉంటుంది. విడివిడిగా ఉంచండి, ఆ కారణం కమిటీకి రాతలో చూపించండి. ముందు రెండు వారాలు ఒక్కో ఎలుక ఎంత తింటోందో తూచాలి. మర్నాడు మిగిలిన పెల్లెట్లతో పాటు కింద రాలిన పొడి కూడా ఏరి తూచాలి. రోజుకి 18 గ్రాములు తినేదానికి చివరికి 10.8 గ్రాములు. ఒక్కసారిగా కోయకండి: మొదటి వారం 90 శాతం, రెండో వారం 75, మూడో వారం 60. మేత తగ్గితే విటమిన్లు, ఖనిజాలు కూడా తగ్గిపోతాయి. అందుకని ఈ గుంపు పెల్లెట్లలో అవి సుమారు 1.67 రెట్లు ఉండాలి. లేదంటే మీరు చూసేది పోషకాహార లోపం.

ఊకలో నూకలుంటాయి, ఆకలిగా ఉన్న ఎలుక వాటిని ఏరుకుని తింటుంది. బాగా జల్లించి ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడితో కూడిన ఆవిరిలో శుద్ధి చేసిన) ఊకే వాడండి.

చీకటి వేళ:
పొద్దున 10కి మేత పెట్టడమే నాకు పెద్ద లోపంగా కనిపిస్తోంది. ఎలుక రాత్రి తినే జీవి. టెక్సస్ యూనివర్సిటీ సౌత్‌వెస్టర్న్ వాళ్లు 2022లో చూపించిందేమిటంటే, మగ చుంచెలుకలకు 30 శాతం తగ్గించిన మేతని రోజంతా పరిచి ఇస్తే ఆయుష్షు 10 శాతమే పెరిగింది, రాత్రి వేళకే పరిమితం చేస్తే 35 శాతం దాకా పెరిగింది. రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి టైమర్‌తో గదిలో పగలే చీకటి చెయ్యండి. పొద్దున 10కి దీపాలారాలి, మేత అప్పుడే పడాలి.

ఇంకొకటి. తక్కువ మేత ఎలుక తన వాటాని రెండు మూడు గంటల్లో ఊడ్చేసి మర్నాటి వరకు ఉపవాసమే ఉంటుంది. గ్లూకోజ్ పరీక్ష రోజు కంట్రోల్ గుంపుని (తిన్నంత తినేదాన్ని) కూడా అన్ని గంటలూ పస్తుంచకపోతే, కనబడే తేడా ఉపవాసానిదే.

గుంపుల లెక్క:
పై ఇద్దరి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. తిన్నంత తినే ఎలుకకి కొవ్వు పడుతుంది. దానితో పోలిస్తే ఏ గుంపైనా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. 90 శాతం మేతతో మూడో గుంపు పెట్టండి.

చర్చ భాగంలో "మేత తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుంది" అని ఒక్క వాక్యంతో వదిలేయకండి. 1935లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో మెకే బృందం ఎలుకల్లో చూపింది నిజమే. 1982లో వీండ్రుక్, వాల్‌ఫోర్డ్ ఏడాది వయసు చుంచెలుకలకి నెమ్మదిగా మేత తగ్గించి ఆయుష్షు 10-20 శాతం పెంచారు, అదీ నిజమే. కానీ 2010లో జన్యుపరంగా వేరువేరైన 40 దాకా చుంచెలుక వంశాలకి మేత 40 శాతం తగ్గిస్తే ఆయుష్షు పెరిగిన వంశాల కంటే తగ్గినవే ఎక్కువ. 2024లో 960 ఆడ చుంచెలుకల మీద జరిగిన అధ్యయనంలో 40 శాతం తగ్గించిన గుంపే ఎక్కువ కాలం బతికింది. అయితే ఆయుష్షుని మేత కన్నా పుట్టుకతో వచ్చిన జన్యువులే ఎక్కువ నిర్ణయించాయి.

ఎచ్చెర్ల ఫార్మా:
చాలా థ్యాంక్సండీ, మూడో గుంపు చేరుస్తాం. బరువు 20 శాతం తగ్గితే ఎలుకని ప్రయోగం నుంచి తప్పిస్తామని రాశాం. సరేనా?

మేత తూకం:
అలా రాస్తే మీ గుంపు సగం ఖాళీ అవుతుంది. కంట్రోల్ కంటే 20 శాతం తేలికగా ఉండటం ఈ ప్రయోగంలో మామూలే. ఎంత వేగంగా పడిపోతోందో చూడండి. మూడో వారం తర్వాత బరువు నిలకడకి రావాలి. అప్పుడు కూడా జారుతూ ఉంటే, వీపు గూనిగా, రోమాలు నిక్కబొడుచుకుని ఉంటే, మేత మిగులుస్తుంటే వెంటనే తప్పించాలి. వారానికి రెండుసార్లు, మేతకి ముందు, ఒకే వేళకి తూచండి.

మన తీరం తేమకి పెల్లెట్లు చెమ్మ పడతాయి. అప్పుడు 10.8 గ్రాముల్లో నీళ్ల బరువు చేరి క్యాలరీలు తగ్గుతాయి, ఆపైన బూజు. గాలి చొరని డబ్బాల్లో ఉంచి, చిన్న బస్తాలే తెప్పించుకోండి. అక్టోబరు తుఫాన్ల వేళ ఏసీకి జనరేటర్ తప్పనిసరి. మేత తగ్గిన ఎలుక ఒంటి వేడి ఎలాగూ తగ్గుతుంది, గది వేడి కూడా మారితే మీ ఉష్ణోగ్రత అంకెలు పనికిరావు.