గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల గోడు తెలుగులో వినే ఫోను సేవ: దేశాల మధ్య సహకారం ఎంతవరకు సాధ్యం?

పెన్నాతీరం (కడప):

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికీ డ్రైవరు పనికీ వెళ్లినవారు ఎందరో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. వారిలో చాలామంది ఇంటికి ఫోను చేసినప్పుడు బాగానే ఉన్నామంటారు. అప్పు తీరేదాకా తిరిగి రాలేమని తెలిసి, తమ బాధ చెప్పి ఇంట్లోవాళ్లను కూడా కుంగదీయడం ఇష్టం లేక, అంతా లోపలే దాచుకుంటారు. అలాంటివారు పేరు చెప్పకుండా, తెలుగులో, ఓపికగా వినే మనిషితో మాట్లాడాలనుకుంటే దారేమిటి? మానసిక ఆసరా ఇచ్చే స్వచ్ఛంద టెలిఫోను సేవలకు అంతర్జాతీయ సమాఖ్యలు ఉన్నాయని విన్నాను. ఒక దేశంలో మోగిన ఫోనును మరో దేశంలోని తెలుగు వాలంటీరుకు అందించే ఏర్పాటు వాటిలో ఉన్నదా? ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులం కొందరం కలిసి కడపలోనే ఒక నంబరు పెడదామన్న ఆలోచనలో ఉన్నాము. తెలిసినవారు వివరించగలరు.

నల్లమల (కర్నూలు):

పెన్నాతీరం గారికి నమస్కారం. హైదరాబాదులో ఉన్న రోజుల్లో ఇటువంటి ఒక కేంద్రంలో వాలంటీరుగా ఫోన్లు తీసుకున్నాను కనుక నాకు తెలిసినంత చెబుతాను. సూటిగా చెప్పాలంటే, ఈ సమాఖ్యల ప్రధానమైన పని ఫోన్లను దేశం నుంచి దేశానికి మళ్లించడం కాదు. ఎలా వినాలి, ఏది చేయకూడదు అన్న క్రమశిక్షణను ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం.

ఈ పద్ధతికి మూలం 1953లో లండన్‌లో చాడ్ వారా అనే చర్చి ఫాదరు మొదలుపెట్టిన సమారిటన్స్. సలహా కోసం ఆయన దగ్గరకు వచ్చినవారు, తమ వంతు వచ్చేదాకా అక్కడున్న సామాన్య వాలంటీర్లతో మాట్లాడి, టీ తాగి, ఇక ఆయనను కలిసే అవసరం లేదనుకుని వెళ్లిపోయేవారట. అది గమనించి మరుసటి ఏడాదే ఆయన వినే పనిని వాలంటీర్లకు అప్పగించారు. వైద్యులూ మతబోధకులూ కాని మనుషులే ఈ పనికి ఆధారమన్న నమ్మకం అక్కడ స్థిరపడింది. ఇతర దేశాల్లో ఆ పద్ధతి పాటించే కేంద్రాలను కలుపుతూ 1974లో బిఫ్రెండర్స్ ఇంటర్నేషనల్ ఏర్పడింది. దానినే ఇప్పుడు బిఫ్రెండర్స్ వరల్డ్‌వైడ్ అంటున్నారు. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ, 1997లో హైదరాబాదులో మొదలైన రోష్ని ఈ కుటుంబానికి చెందినవే. ఇదికాక సిడ్నీలో 1963లో పుట్టిన లైఫ్‌లైన్ శాఖ ఒకటి, ఐరోపా సేవలను కలుపుతూ 1967లో ఏర్పడిన ఇఫోటెస్ సమాఖ్య మరొకటి ఉన్నాయి.

ఫోనును మళ్లించడం ఎందుకు అరుదో ఐరోపాను చూస్తే తెలుస్తుంది. మానసిక ఆసరా సేవల కోసం 116 123 అనే ఒకే నంబరును 2007లో ఐరోపా సంఘం కేటాయించింది. నంబరు ఒకటే అయినా, దాన్ని నడిపే ప్రతి దేశంలోనూ ఆ దేశపు వాలంటీర్లే ఆ దేశపు భాషలో ఫోను తీసుకుంటారు. దుఃఖంలో ఉన్న మనిషిని లైనులో ఆపి మరొకరికి అందించేలోగా ఆ మనిషి ఫోను పెట్టేసే ప్రమాదం ఎక్కువ. కాబట్టి మీరు అడిగిన ఏర్పాటుకు భాషే అసలు ఇబ్బంది, దానిని తీర్చగలిగినవారు తెలుగు వాలంటీర్లే.

హంద్రీ (కర్నూలు):

సమాఖ్యల చరిత్ర ఆసక్తికరంగానే ఉన్నది గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 2022 అక్టోబరు నుంచి 14416 నంబరులో తెలుగుతో సహా 20 భాషల్లో పనిచేస్తున్నప్పుడు మళ్లీ స్వచ్ఛంద కేంద్రాలు ఎందుకన్నది నా సందేహం. జీతం కట్టని కఫీల్ (వీసా ఇప్పించిన అక్కడి యజమాని) గురించో, పాస్‌పోర్టు లాక్కున్న ఏజెంటు గురించో అయితే రాయబార కార్యాలయానికీ, విదేశాల్లోని మనవారి ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖ వారు పెట్టిన మదద్ పోర్టల్‌కూ వెళ్లాలి. ఓదార్పు మాటలతో ఇకామా (అక్కడి నివాస అనుమతి) సమస్య తీరదు కదా.

రాయచోటి వాసి (కువైట్ నుంచి తిరిగి వచ్చాను):

హంద్రీ గారూ, సమస్య తీర్చే దారి వేరు, తీరేదాకా మనిషి నిలబడే దారి వేరు. టెలీ మానస్ మంచి సేవే, ఇక్కడున్న కుటుంబాలకు నేను కూడా ఆ నంబరే చెబుతాను. అయితే 14416 వంటి పొట్టి నంబర్లు దేశంలోపల నుంచి చేయడానికి ఉద్దేశించినవి. కువైట్ సిమ్ నుంచి వాటిపై ఆధారపడలేము. రోజంతా ఖద్దామా (ఇంటి పనిమనిషి) పని చేసిన ఆడమనిషికి ఏకాంతం దొరికేది రాత్రి పదకొండు తర్వాతే. అప్పటికి మనకు ఒంటిగంటన్నర అవుతుంది. పగటి వేళల్లోనే పనిచేసే కేంద్రం ఆమెకు అందదు. కొన్ని ఇళ్లలో ఫోను యజమానురాలి చేతిలోనే ఉంటుంది, ఇంటికి చేసిన కాల్ కూడా పక్కన నిలబడి వింటారు. అటువంటి చోట గొంతు విప్పి మాట్లాడే సేవ కంటే రాతపూర్వకంగా సందేశం పంపే సేవ ఎక్కువ ఉపయోగపడుతుంది. కాబట్టి కడపలో పెట్టే నంబరు పగటిపూట ఉండి, మామూలు ఫోనుకు మాత్రమే పలికితే, అది మీ ఊరివారికి పనికొస్తుందేమో గానీ మా వారికి కాదు.

నల్లమల (కర్నూలు):

రాయచోటి వాసి గారు చెప్పినది చాలా ముఖ్యం. దానికి మరొకటి చేర్చాలి. ప్రాణాపాయం ఉన్నదని అనిపిస్తే, ఫోను చేసినవారి అనుమతి లేకుండానే పోలీసులనో అత్యవసర సేవలనో పంపవచ్చునా అన్న విషయంలో దేశాల మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో 2022 జూలై నుంచి నడుస్తున్న 988 అనే ఆత్మహత్యా నివారణ ఫోను సేవలో, మరో మార్గం లేదనిపించినప్పుడు పంపుతారు. సమారిటన్స్ సంప్రదాయంలో మాత్రం ఫోను చేసినవారి నిర్ణయానికీ రహస్యానికీ ఎంతో ప్రాధాన్యం ఇచ్చారు. పని వదిలి పారిపోయిందని కఫీల్ పరారీ కేసు పెట్టగలిగిన చోట, పోలీసులు తలుపు తట్టడమే ఫోను చేసిన ఆడమనిషికి కొత్త ఆపద కావచ్చు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే దేశాలు ఇంకా ఉన్నాయి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షను, అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించి శిక్షించకూడదని చెప్పింది. అక్కడి పరిస్థితి తెలియకుండా ఇక్కడి పద్ధతిని అమలు చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు. దేశాల మధ్య సహకారం నిజంగా అవసరమైనది ఇక్కడే అని నా అభిప్రాయం. ఏ దేశంలో ఏ మాట ఎవరికి చేరితే ఏమవుతుందో చెప్పగలిగిన అక్కడి మనుషులతో ముందే పరిచయం ఉండాలి.

హంద్రీ గారి ప్రశ్నకు ఒక్క మాట: టెలీ మానస్‌లో ఉన్నవారు జీతం తీసుకునే శిక్షితులు, వారికి మానసిక వైద్యుల అండ ఉంటుంది; వాలంటీరు కేంద్రం చికిత్స చేయదు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది అనవసరం కాదు.

పెన్నాతీరం (కడప):

అందరికీ ధన్యవాదాలు. నంబరు పెట్టే ముందు ఇంత ఆలోచించవలసి ఉన్నదని అనుకోలేదు. మాలో ఇద్దరు ముగ్గురు శిక్షణ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. సొంతంగా ప్రారంభించడమా, ఉన్న కేంద్రంలో చేరడమా?

నల్లమల (కర్నూలు):

మొదట ఉన్న కేంద్రంలోనే చేరండి. ఉపాధ్యాయులకు సలహా ఇవ్వకుండా వినడమే అన్నింటికన్నా కష్టం, నవ్వుతూనే అంటున్నాను, మేష్టార్లు అపార్థం చేసుకోకండి. ఎంపిక, శిక్షణ, అనుభవజ్ఞుల పక్కన కూర్చుని వినడం, ఆ తర్వాతే ఒంటరిగా ఫోను తీసుకోవడం, ఇదీ వరుస. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంక్షోభ సహాయవాణిని ఎలా ఏర్పాటు చేయాలో తెలిపే మార్గదర్శకాన్ని 2018లో ప్రచురించింది; దాన్ని కూడా అందరూ చదవండి. తర్వాత ఆ కేంద్రంవారినే రాత్రి వేళలకు తెలుగు వంతు ఒకటి పెట్టమని, గల్ఫ్ నుంచి అందే మామూలు పది అంకెల నంబరునూ సందేశాల సదుపాయాన్నీ చేర్చమని అడగవచ్చు. మూసివేయవలసి వచ్చే కొత్త నంబరు కంటే, ఉన్న నంబరుకు తోడయ్యే మీ రాత్రి గంటలు విలువైనవి. కర్నూలు నుంచి నేను కూడా వారానికి ఒక రాత్రి కూర్చోగలను, మీ బృందానికి అభ్యంతరం లేకపోతే.