స్టెంటులో నాళం మళ్లీ సన్నబడింది: గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికివస్తుందా?

గోదావరి తీరం:
మా నాన్నగారికి గుండెపోటు వచ్చినప్పుడు ఏరియా ఆసుపత్రిలో గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చి విజయవాడకు పంపగా, అక్కడ బెలూన్‌తో బ్లాకు తెరిచి స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని లోహపు జాలీ గొట్టం) వేశారు. కొన్ని నెలలు బాగానే ఉన్నారు. ఇప్పుడు మేడ మెట్లు సగం ఎక్కేసరికి ఛాతీ పట్టేస్తోందంటున్నారు. యాంజియోగ్రామ్‌లో స్టెంటు లోపలే నాళం సన్నబడినట్లు తేలింది. ఆ ఇంజెక్షనే మళ్లీ ఇప్పించరాదా అని బంధువులు అడుగుతున్నారు. ఈ స్థితి ఎదురైనవారు దయచేసి తెలుపగలరు.

విశ్రాంత క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్:
దానివల్ల ఫలితం ఉండదండీ. ఆ ఇంజెక్షన్ కరిగించేది ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగులతో అల్లుకున్న కొత్త రక్తపుగడ్డను. నెలల తరబడి మెల్లగా సన్నబడిన చోట సాధారణంగా ఉండేది గడ్డ కాదు, బెలూన్ వల్ల గాయపడిన గోడ మానే క్రమంలో కండర కణాలు లోపలివైపు పెరిగి కట్టిన పొర. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూన్‌ట్జిగ్ తొలిసారి గుండె రక్తనాళంలో బెలూన్ ఉబ్బించిన నాటి నుంచీ ఈ బెడద ఉన్నదే. స్టెంట్లు లేని ఉత్త బెలూన్ రోజుల్లో సుమారు పదిమందిలో ముగ్గురు నలుగురికి ఆరు నెలల్లోపే నాళం మళ్లీ సన్నబడేది. గాయం మీద పేరుకున్న గడ్డే ఈ పెరుగుదలకు పునాది అన్న ఊహతో గడ్డ మందుల మీద చాలా ఆశ పెట్టుకున్నారు. తీరా 1994లో వెలువడిన టౌసా (TAUSA) అనే రోగులపై జరిపిన మందు పరీక్షలో, అస్థిరమైన గుండెనొప్పి ఉన్నవారికి బెలూన్ చేసేటప్పుడు గడ్డ కరిగించే యూరోకైనేజ్ ఇస్తే, నాళం అక్కడికక్కడే మూసుకుపోవడం తగ్గకపోగా పెరిగింది. ఈ మందులతో మెదడులో రక్తస్రావం భయం ఎలాగూ ఉంది. చివరికి ఫలితమిచ్చినవి స్టెంట్లు, ఆపైన కణాల పెరుగుదలను అణచే సిరోలిమస్ వంటి మందు పూసిన స్టెంట్లు.

ఖమ్మం కోడలు:
మా మామగారిది వేరే సంగతి. పన్ను పీకించుకోవడానికని ఎవరినీ అడగకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ రెండూ ఆపేశారు. స్టెంటు వేసి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. అర్ధరాత్రి చెమటలతో నొప్పి వచ్చింది, స్టెంటులో నిజంగానే గడ్డ కట్టింది, వెంటనే బెలూన్ చేయవలసి వచ్చింది. హఠాత్తుగా వస్తే గడ్డను, మెట్లు ఎక్కేటప్పుడు నెమ్మదిగా తెలిసివస్తే పొర పెరుగుదలను ముందుగా అనుమానిస్తామని డాక్టరుగారు చెప్పారు. మామగారు ఆపేసిన ఆ రెండు మాత్రలూ ఉన్న గడ్డను కరిగించవు, కొత్తది కట్టకుండా చూస్తాయి.

చక్కెర మనిషి:
నాకు మధుమేహం ఉంది, అందువల్ల స్టెంటులో నాళం మళ్లీ సన్నబడే అవకాశం ఎక్కువేనని ముందే అన్నారు. సన్నబడినప్పుడు నాళంలోకి అల్ట్రాసౌండ్ తీగ పంపి చూడగా, పాత స్టెంటు ఒక కొసన పూర్తిగా విచ్చుకోలేదని కనిపించింది. దాన్ని ఎక్కువ ఒత్తిడితో తెరిచి, కణాల పెరుగుదలను అణచే పాక్లిటాక్సెల్ మందు పూసిన బెలూన్‌ను కాసేపు ఉబ్బించి తీసేశారు, రెండో స్టెంటు వేయలేదు. మీ నాన్నగారిది ఏ రకం స్టెంటో చూడండి; డిశ్చార్జ్ ఫైలులో పెట్టె మీది స్టిక్కరు అంటించి ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర కట్టడి చేసినప్పుడు ఉత్త లోహపు స్టెంటుకు 7,260, మందు పూసినదానికి 29,600 రూపాయలని నిర్ణయించింది; ఆ ధరలు తర్వాత మారినా రెండింటి మధ్య తేడా పెద్దదే కనుక, బిల్లు చూసినా పోల్చుకోవచ్చు.

గోదావరి తీరం:
అందరికీ కృతజ్ఞతలు. స్టిక్కరు దొరికింది, మందు పూసినదే. లోపల అల్ట్రాసౌండ్ చేస్తారా అని అడిగితే, అది చూశాకే మందు బెలూనా, మరో స్టెంటా, బైపాసా అన్నది తేలుస్తామన్నారు. ఇంజెక్షన్ మాట బంధువులు ఇంకా వదల్లేదు. టెక్నీషియన్‌గారి జవాబు ప్రింటు తీసి ఇచ్చాను.