స్పానిష్‌లో "కొత్త" అనడానికి ఏ మాట వాడాలి?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ సైకిల్ ఒకటి కొన్నాను. మా స్పానిష్ క్లాసులో దాని గురించి నాలుగు వాక్యాలు రాయాలి. "బిసిక్లేతా న్వేవా" అని రాస్తే షోరూం నుంచి తెచ్చిందనుకుంటారేమోనని అనుమానం. "రెసియెంతే" (ఇటీవలి) అనొచ్చా?

జవాబు: మీ అనుమానం సరైనదే. ఇక్కడ మాట మార్చక్కర్లేదండీ, చోటు మారిస్తే చాలు. "న్వేవో" (స్త్రీలింగంలో "న్వేవా") నామవాచకం తర్వాత వస్తే మామూలుగా ఎవరూ వాడని సరికొత్త వస్తువని అర్థం. ముందు వస్తే ఇదివరకటిది కాదు, ఇంకొకటి అని. "ఉన్ కోచె న్వేవో" అంటే సరికొత్త కారు. "మి న్వేవో కోచె" పదేళ్ల పాత కారైనా కావచ్చు, నా చేతికి కొత్తగా వచ్చిందంతే. తెలుగులో రెండింటికీ "కొత్త కారు" అనే అంటాం కాబట్టి మనకిది తట్టదు. మాటల్లో అందరూ ఇంత కచ్చితంగా పాటించరు. అస్సలు వాడనిది అని తేల్చి చెప్పాలంటే "ఆ ఎస్త్రెనార్" ఉంది, స్పెయిన్‌లో ఇళ్ల ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. "ఎస్త్రెనార్" అనే క్రియ నాకు చాలా ఇష్టం. కొత్త చెప్పులు మొదటిసారి వేసుకోవడం, కొత్త సినిమా విడుదల చేయడం, రెండూ అందులోనే ఇమిడిపోతాయి.

"రెసియెంతే" వార్తలకీ సంఘటనలకీ బాగుంటుంది, సైకిల్‌కి నప్పదు.

ఇంకొకరు: ఆలోచన కొత్తగా ఉందని మెచ్చుకోవాలంటే "నోవెదోసా" వాడండి, "ఉనా ఇదేయా నోవెదోసా". "దె న్వేవో" జోలికి మాత్రం వెళ్లకండి, దానికి ఎక్కువగా "మళ్లీ" అనే అర్థం.

ప్రశ్న: చాలా థాంక్సండీ. ఈమధ్యే దానికి రంగు వేయించాను, అదెలా చెప్పాలి?

జవాబు: "రెసియెన్ పింతాదా". "రెసియెన్" ఎప్పుడూ మారదు, పక్కనున్న మాటే లింగాన్ని బట్టి మారుతుంది. కారైతే "రెసియెన్ పింతాదో" అవుతుంది. స్పెయిన్‌లో "రెసియెన్" (ఇప్పుడే, ఈమధ్యే) "పింతాదా" (రంగు వేసిన) లాంటి మాటల ముందే వస్తుంది. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల మామూలు క్రియల ముందూ వాడతారు, "రెసియెన్ యెగో" అంటే ఇప్పుడే వచ్చాడని. మీ టీచర్ ఏ ప్రాంతంవారో చూసుకోండి.

మీ సైకిల్‌కి ఇలా రాయండి: "తెంగో ఉనా న్వేవా బిసిక్లేతా. ఎస్ దె సెగుందా మానో, పెరో ఎస్తా రెసియెన్ పింతాదా." ఇంకో సైకిల్ వచ్చింది, సెకండ్ హ్యాండ్‌దే, కాకపోతే ఈమధ్యే రంగు వేసింది అని అర్థం. మిగతా రెండు వాక్యాలు మీరు రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.