డి నీరోకూ పచీనోకూ ఒకే గొంతు: ఇటలీ చేసింది న్యాయమేనా?

రీలుబండి:
ఫెర్రూచ్చో అమెందోలా (1930–2001) ఇటలీ డబ్బింగ్‌లో పెద్ద పేరు. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు. నా అభ్యంతరం వేరు. రాబర్ట్ డి నీరో, అల్ పచీనో, డస్టిన్ హాఫ్‌మన్, సిల్వెస్టర్ స్టాలోన్ నలుగురికీ గొంతు ఆయనదే. మాట పలికే తీరుతోనే పాత్రను కట్టిన నటులు వాళ్లు. అందరినీ ఒకే గొంతులో పోస్తే ఇటలీ ప్రేక్షకుడు ఎవరిని విన్నట్టు? 1995లో 'హీట్' వచ్చింది. అందులో డి నీరో, పచీనో ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటారు. అప్పుడు డి నీరోను అమెందోలాకు ఉంచి, పచీనోకు జాన్‌కార్లో జన్నీనీ చేత చెప్పించారు. 'గాడ్‌ఫాదర్'లో పచీనోగా మాట్లాడిన గొంతే ఇక్కడ పచీనోను ఎదురుగా కూర్చుని నిలదీస్తుంది! ఈ పద్ధతిలోని డొల్లతనం ఆ బల్ల దగ్గర బయటపడిందంటాను.

మైకు మాస్టారు:
రీలుబండి గారూ, ఇరవై ఏళ్లుగా డబ్బింగ్ థియేటర్లో అన్నం తింటున్నవాణ్ణి, నాది పక్షపాతమే అనుకోండి. సుమన్‌కూ రాజశేఖర్‌కూ సాయికుమార్ గొంతిచ్చిన సినిమాలు మీరూ చూసే ఉంటారు. ఏ రోజైనా ఒకరిని చూసి ఇంకొకరు అనుకున్నారా?

ఒక్క ముక్క దగ్గరగా చూద్దాం. 'టాక్సీ డ్రైవర్'లో అద్దం ముందు డి నీరో అనే మాట అందరికీ తెలిసిందే. ఇంగ్లిషులో అది 'మీ' అన్న మాటతో ముగుస్తుంది. ఇటాలియన్‌లో "మా దీచి ఆ మే?" అని పెట్టారు. అంటే "నాతోనా అంటున్నావు?" అని. చివర మళ్లీ మకారమే. పెదవులు మూసుకోవలసిన చోటే మూసుకుంటాయి. ప, బ, మల దగ్గర దొరికిపోతే జనం నవ్వుతారు. మిగతా అక్షరాల దగ్గర కొంత వెసులుబాటు ఉంటుంది. ఆ అతుకు వేసింది మాటల రచయిత, సరే. ఆ నాలుగు ముక్కల్లో బెదిరింపూ ఒంటరితనమూ రెండూ పలకాలి. అదీ మసక గదిలో, ఎదుట కాగితం పెట్టుకుని, ఎవరో ఎప్పుడో తీసిన ఊపిరిని అందుకుని! చేసి చూడండి, తెలుస్తుంది.

రీలుబండి:
మాస్టారూ, సాయికుమార్ పోలిక అతకదు. ఆ సినిమాలు తెలుగులో పుట్టినవి, ఆ గొంతు వాటి తయారీలో భాగం. డి నీరో అప్పటికే మాట్లాడేశాడు. ఆయన నోటి మాట చెరిపి ఇంకొకరి మాట రాశారు. ఇదేమీ కళాభిమానంతో మొదలైన పని కూడా కాదు. 1930లో ముసోలినీ ప్రభుత్వం తెర మీద విదేశీ భాష వినిపించకూడదంది. అలా బలపడిన అలవాటుకు మీరు శాలువా కప్పుతున్నారు.

పాత టికెట్టు:
ముసోలినీ పోయి ఎన్నాళ్లయింది! దోసె ఎవరు కనిపెట్టారో తేలేదాకా తినడం మానేస్తామా? అంతకు ముందు తరంలో ఎమీలియో చిగోలి అనే ఆయన జాన్ వేన్‌కూ గ్యారీ కూపర్‌కూ గొంతిచ్చారు. గంభీరమైన, ఇస్త్రీ చేసినట్టుండే గొంతు. 70లలో వచ్చిన హీరోలు పొట్టివాళ్లు, నిద్రలేనివాళ్లు, వీధుల్లో తిరిగేవాళ్లు. వాళ్లకు ఆ గొంతు పెడితే పెళ్లికొడుకు సూటు తొడిగినట్టుండేది. అమెందోలాది కాస్త బొంగురు, గరుకు గొంతు. అందుకే నప్పింది. తోమస్ మిలియన్ సంగతీ చూడండి. పుట్టింది క్యూబాలో. 1976 నుంచి 'మొన్నెజ్జా' పాత్రలో రోము నగరపు అల్లరి దొంగగా ఇటలీ అంతటా వెలిగాడు. మొన్నెజ్జా అంటే రోము యాసలో చెత్త. ఆ యాస పలికిన గొంతు అమెందోలాదే. ముఖం ఒకరిది, ఊరు ఇంకొకరిది. ఇందులో చెరిపింది ఏముంది? సగం మనిషిని ఆయనే పుట్టించాడు.

రీలుబండి:
మిలియన్ విషయంలో ఒప్పుకుంటాను. హాఫ్‌మన్ విషయంలో ఒప్పుకోను.

తోరినో విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నేను చదువుకుంటున్న ఈ ఊళ్లోనే అమెందోలా పుట్టారు. గొంతు మాత్రం రోముదే అంటారు ఇక్కడివాళ్లు. తల్లిదండ్రులు నటులు, కొడుకు క్లాఉదియో నటుడు, భార్య రీతా సవన్యోనే కూడా డబ్బింగ్ కళాకారిణే. మొన్న మా ఇంటి యజమానురాలికి డి నీరో ఇంటర్వ్యూ ఒకటి ఇంగ్లిషులో వినిపించాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కాసేపు విని, "ముఖం అతనిదే, గొంతు ఎవరిది?" అన్నారు. నవ్వులాటకు కాదు, నిజంగానే.

రీలుబండి:
చూశారా! నేను చెప్పేది అదే. ఆవిడకు అసలు మనిషి నకిలీ అయ్యాడు. వీలైతే ఇంకొకటి అడగండి. 'రాకీ' మొదటి భాగంలో (1976) స్టాలోన్‌కు గొంతిచ్చింది జీజీ ప్రొయెత్తి. రెండో భాగం (1979) నుంచి అమెందోలా. గొంతు మారిందని ఆవిడకు తెలిసిందా?

తోరినో విద్యార్థిని:
అడిగాను, రీలుబండి గారూ. తెలిసిందట. మొదటి సినిమాలో అన్ని దెబ్బలు తిన్నాడు కదా, గొంతు బొంగురుపోయిందనుకున్నారట.